మూగబోయిన గిటారు: మూలం, టీక, సిద్ధాంతం

మూలం: వాయిస్తుంటే బందైంది, కదిపితే మోగింది.

అవతారిక: ఆలేరులో పెళ్లి ఆర్కెస్ట్రాలో గానీ, ఆదివారం చర్చిలో గానీ ఎలక్ట్రిక్ గిటారు పట్టినవారికి ఈ సూత్రం ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. సూత్రం చిన్నదే, దాని మీద పుట్టే వ్యాఖ్యలే కొల్లలు. కరెంటు దోషమని టెంట్‌హౌస్ మతం, ఆంప్ పోయిందని కీబోర్డు మతం, పికప్ కాలిందని స్టేజీ పక్కన నిలబడ్డవారి మతం. మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, కవి వాక్కు చెడు వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిందని వాపోయి తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మూలంలో ఆధారం లేనిదేదీ రాయనని మాట కూడా ఇచ్చాడు. పై మూడు మతాలకూ ఆ నియమమే కొరవడింది. మూలంలో కరెంటు లేదు, ఆంప్ లేదు, పికప్ లేదు. ఉన్నది కదలిక.

టీక: 'బందైంది' అనగా సన్నగిల్లలేదు, బొంగురు పోలేదు, ఉన్నట్టుండి ఆగింది. 'మోగింది' అనగా లోపల ఏదీ చావలేదు. 'కదిపితే' అన్నది సూత్రానికి ప్రాణం. పికప్‌లో అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. పైన ఉక్కు తీగ ఊగితే, ఫారడే 1831లో కనిపెట్టిన ధర్మం ప్రకారం, ఆ చుట్టలో ఒక వోల్టులో పదోవంతు అటూ ఇటూగా విద్యుత్తు పుడుతుంది. అది స్విచ్చూ వాల్యూమ్ నాబూ దాటి సాకెట్‌కు, అక్కడి పిన్నుకు, కేబుల్ గుండా ఆంప్‌కు చేరాలి. ఈ దారిలో చాలాభాగం చెక్కలో కూర్చొని కదలదు. వాయించేవాడు అడుగు వేసినప్పుడల్లా గుంజుడు పడేది పిన్ను సాకెట్‌లో కూర్చున్నచోటే. ఈ పావు అంగుళం పిన్ను పంతొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి వచ్చింది. అక్కడ ఆపరేటరు కుర్చీలో కూర్చొని దాన్ని గుచ్చేది, నడుముకు తగిలించుకొని బరాత్‌లో ఎగిరేది కాదు. ఎగిరితే ఏమవుతుంది? సాకెట్ నట్టు వదులవుతుంది, సాకెట్ తనచుట్టూ తాను తిరుగుతుంది, వెనక అతికిన వైరు మెలితిరిగి సోల్డర్ దగ్గర తెగుతుంది. లేదా పిన్ను కొనను పట్టే స్ప్రింగు రేకు పట్టు సడలుతుంది. జనం దీన్నే లూజ్ కాంటాక్ట్ అంటారు. ఏ పండితుడూ ఇంతకన్నా మంచి పేరు పెట్టలేదు.

పూర్వపక్షం: జనరేటరు ఊగిసలాడితే ఆంప్ ఆగదా? ఆగుతుంది. కానీ అదే లైను మీదున్న కీబోర్డూ మైకూ పలుకుతుండగా గిటారు ఒక్కటే మూగబోవడం, కేబుల్ కదపగానే మళ్లీ పలకడం జనరేటరు గుణాలు కావు. బ్యాటరీ అంటారా? 9 వోల్టుల బ్యాటరీ ఉన్న గిటార్లలో అది అయిపోతుంటే ముందు శబ్దం పలచబడుతుంది, చీలుతుంది, కదిపితే తేరుకోదు. దాని క్లిప్పు వదులైతే తేరుకుంటుంది నిజమే, అయితే అదీ లూజ్ కాంటాక్టే. గట్టి ఆక్షేపణ మరొకటుంది: పికప్ లోపలి సన్నతీగ తెగి, కొసలు ఆనుతూ విడుతూ ఉండరాదా? ఉండవచ్చు. అప్పుడు ఆ పికప్ ఒక్కటే ఆగాలి. స్విచ్చు రెండోదానికి మారిస్తే మోగాలి. ఏ పికప్ పెట్టినా ఆగుతోందంటే దోషం వాటి తర్వాతి ఉమ్మడి దారిలోనే ఉంది. నాబులో దుమ్ము చేరిందా అంటే, అది తిప్పినప్పుడు గరగరమంటుంది, అడుగు వేసినప్పుడు కాదు.

సిద్ధాంతం: తార్కికుల అన్వయ వ్యతిరేకాలే ఇక్కడ దిక్కు: ఏది ఉంటే దోషం ఉంటోంది, ఏది తీస్తే పోతోంది అని చూడటం. ముందు కేబుల్ మార్చాలి. దోషం పోతే కేబుల్‌దే. పోకపోతే, మల్టీమీటరు ఉన్నవారు వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ రెండో కొస పిన్నులో కొనకూ ఒంటికీ మధ్య నిరోధం కొలవాలి. బ్యాటరీ లేని గిటారు సాధారణంగా 5 నుంచి 15 కిలో ఓముల మధ్య చూపుతుంది. సాకెట్ దగ్గర పిన్ను కదుపుతుంటే అంకె సున్నాకు పడితే రెండు వైర్లు తాకుతున్నాయి, అందనంత పైకి పోతే ఎక్కడో తెగింది. మీటరు లేనివారికి చెవి ఉంది: తాకితే నిశ్శబ్దం, తెగితే ఎక్కువగా బుయ్యిమనే హోరు.

దోషం సాకెట్‌దని తేలాక దాని నట్టు బిగించేటప్పుడు చాలామంది కొత్త దోషం తెస్తారు. లోపలి సాకెట్‌ను పట్టుకోకుండా పైనుంచి నట్టు తిప్పితే సాకెట్ కూడా తిరిగి, మిగిలిన వైరూ తెగుతుంది. రేకును కొంచెం లోపలికి వంచి, వైరును కొత్త సోల్డర్‌తో అతికి, కేబుల్‌ను బెల్టు మీదుగా ఒక మడత వేసి పిన్నుకు గుచ్చితే గుంజుడు బెల్టు మీద పడుతుంది. సాకెట్టే మార్చాలంటే సికింద్రాబాద్ రైలెక్కి కోఠి గుజరాతీ గల్లీకి పోవచ్చు. పాతది జేబులో వేసుకొని పోవాలి. బ్యాటరీ గిటార్లలో సాధారణంగా మూడు కాంటాక్టుల స్టీరియో సాకెట్ ఉంటుంది, పిన్ను గుచ్చినప్పుడు బ్యాటరీని కలిపేది ఆ మూడోదే. దాని బదులు రెండింటిది బిగిస్తే ఆ పని చేసేది ఉండదు.