పడమటి అద్దం

ఉత్తర చెన్నైలోని మనలిలో కొత్తగా లేచే దుకాణ సముదాయాలకు ఇప్పుడు ఒకటే ముఖం: కింది నుంచి పై దాకా నీలి అద్దం, అద్దం లేనిచోట వెండిరంగు ప్యానెల్. పడమటికి తిరిగి ఉంటే ఇంకా శోభ. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు నేరుగా షాపులోకే వచ్చి కూర్చుంటాడు. ఏమీ కొనడు, లేచి పోడు. లోపలికొచ్చిన ఎండ గచ్చునీ గోడల్నీ కాలుస్తుంది, ఆ వేడి మాత్రం అద్దం దాటి తేలిగ్గా బయటికి పోదు. చలిదేశాల్లో మొక్కల్ని ఇలాగే పెంచుతారు. మనం సేల్స్‌మెన్‌ని పెంచుతున్నాం.

యజమానికి ఇదంతా తెలియదనుకోకండి. అద్దానికి నల్ల ఫిల్మ్ అంటిస్తాడు, లోపల కర్టెన్ వేస్తాడు, ఆ కర్టెన్ చాటున పట్టపగలు లైట్లు వెలిగిస్తాడు. వెలుతురు కోసం పెట్టిన అద్దానికి ఇంతకంటే సత్కారం ఏముంటుంది? ఎండను గోడ బయటే ఆపాలి. లోపలికి రానిచ్చాక గుడ్డ కప్పితే వెలుగు తగ్గుతుంది గాని వేడి గదిలోనే ఉంటుంది. పాతవాళ్లు వసారాలూ సన్‌షేడ్లూ వేసుకున్నది అందుకే. డాబా మీద ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిసతో కొట్టి పైన పెంకులు పరిచేవాళ్లు. ఇప్పుడు ఆ చోట డబ్బా పెయింటు. తెల్లపూత పనిచేయదని కాదు, 2023లో తెలంగాణ దానికోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. కప్పుకు తెల్లపూత వేసి పడమర గోడంతా అద్దం చేయడం మాత్రం గొడుగు పట్టుకుని మంటలోకి నడవడమే.

కిటికీ తెరిస్తే మధ్యాహ్నం సముద్రపు గాలి రాదా అంటే, "ఫ్యాక్టరీల వాసన వస్తుందండీ" అంటారు. కాదనలేం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మనలిని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో వేసింది. సరే, మూయండి. మూసినదల్లా అద్దమే కావాలని మండలి ఎక్కడా రాయలేదే!

చట్టం లేదా? ఉంది. 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి గోడలో కిటికీల వాటాకి మామూలు లెక్కలో 40 శాతం హద్దు పెట్టింది. అయితే 100 కిలోవాట్లు, ఆపైన కరెంటు లోడు ఉన్న పెద్ద కట్టడాలకే. మన మూడంతస్తుల దుకాణ సముదాయం అంత తూగదు గనక స్వేచ్ఛ నూటికి నూరు. లోపలి చల్లదనం గిరాకీలకు, ఏసీలు వెనక సందులోకి ఊదే వేడి రేకుల ఇళ్లకు.

ఒక్క కంటైనర్ లారీలే కనికరించాయి. అవి లేపే దుమ్ము నెలల తరబడి అద్దం మీద పేరుకుంటుంది. ఆ కట్టడానికి బయట దొరికిన నీడ అదొక్కటే. దాన్నీ దీపావళికి కూలి ఇచ్చి కడిగించేస్తారు.