పచ్చచుక్క సారు

రాత్రి డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టడం చిన్నప్పుడు అందరం చేసిన పనే. పట్టపగలు ఏసీ గదిలో కూచుని, జీతం పుచ్చుకుని మరీ చుక్కలు లెక్కపెట్టే మనిషిని మాత్రం నేను మాదాపూర్‌లోనే చూశాను. ఆయన మా మేనేజరు. ఆయన లెక్కపెట్టే చుక్కలు ఆకాశంలో ఉండవు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మా పేర్ల పక్కన ఉంటాయి. చుక్క పచ్చగా ఉంటే మనిషి పనిలో ఉన్నట్టు, పసుపురంగుకు తిరిగితే మనిషి లేనట్టు. కీబోర్డూ మౌసూ ముట్టకుండా 5 నిమిషాలు కూచుంటే చాలు, ఆ పచ్చదనం కాస్తా పండుటాకై పోతుంది.

మా కంపెనీలో ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టి పిలవాలని నియమం. అమెరికాలో ఉన్న వైస్ ప్రెసిడెంటునే పేరు పెట్టి పిలిచేస్తాం. ఈయన్ని మాత్రం సారు అంటాం. చాటుగా పచ్చచుక్క సారు అంటాం.

నలభై ఎనిమిదేళ్లుంటాయి. మెడలో ఐడీ కార్డు, నుదుటికి ఎక్కించిన కళ్లజోడు, టేబుల్ మీద రెండు మానిటర్లు. ఒకదాంట్లో ఆయన పని ఉంటుంది, రెండోదాంట్లో మా పని. మొదటిది తరచుగా నిద్రపోతూ ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చి, బ్యాగైనా దించకుండా రెండోదాని వైపు తొంగిచూస్తారు. పదిహేడుమందిమీ పచ్చగా ఉంటే ముఖం విప్పారుతుంది. ఎండాకాలంలో తన మడి ఒక్కటీ పచ్చగా ఉన్న రైతు ముఖంలా ఉంటుంది అప్పుడు.

ఈ కాపలా ఆయనకి వంశపారంపర్యంగా వచ్చింది. నాన్నగారు తాలూకాఫీసులో హెడ్ గుమాస్తా. పది దాటి పది నిమిషాలైతే హాజరుపట్టీలో ఎర్రసిరా గీత పెట్టేసేవారట. కుర్చీకి కోటు తగిలించి, "ఇప్పుడే ఇటు వెళ్లారండీ" అని బంట్రోతు చేత చెప్పించి, మ్యాట్నీకి పోయిన తరం అది. నాన్నగారు ఆ కోటు భుజం మీద వేలు రాసి, అంటిన దుమ్మును బట్టి మనిషి ఎన్నాళ్లుగా రావడం లేదో చెప్పేసేవారని సారు గర్వంగా చెబుతారు.

2020 మార్చిలో అందరం ఇళ్లకి చేరాక సారుకి వేలు పెట్టడానికి కోటే లేకుండా పోయింది. ఆ బెంగతో ఆయన ఓ ఐదు కేజీలు తగ్గారు. ఆ తగ్గినదంతా కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక తిరిగొచ్చింది. అది పది నిమిషాలకోసారి మా స్క్రీన్ ఫొటో తీస్తుంది, మీటలు ఎన్ని నొక్కామో లెక్కేస్తుంది, ఏ కిటికీలో ఎంతసేపున్నామో చూసి అది పనా, పనికిమాలినదా అని తీర్పు చెబుతుంది. శుక్రవారం సాయంత్రానికి ఒక్కొక్కరికి ఇంత శాతమని మార్కులు వేస్తుంది.

దాని తీర్పులో ఓ తమాషా ఉంది. ఎక్సెల్ తెరిస్తే పని, యూట్యూబ్ తెరిస్తే కాదు. మా టీమ్‌లో ఒకతను వాళ్లక్క పెళ్లికి పిలవాల్సినవాళ్ల జాబితా మూడు రోజులపాటు ఎక్సెల్‌లో వేశాడు. మేనత్తలు ఒక వరస, మేనమామలు ఒక వరస, అలిగినవాళ్లకి వేరే రంగు. ఆ వారం అతనికి 97 శాతం వచ్చింది. సారు అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. అదే వారం మా వరంగల్ అమ్మాయి, నెల్లాళ్లుగా ఎవరికీ దొరకని తప్పును కాగితం మీద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ పట్టేసింది. ఆమెకి 31 వచ్చింది.

"ఏమ్మా, 22 నిమిషాల నుంచి పసుపుగా ఉన్నావు?" అని, పెళ్లికూతుర్ని పలకరించినట్టు అడిగారు సారు.

"ఆలోచిస్తున్న సార్."

"ఆలోచిస్తే చుక్క పచ్చగా ఉండాలి కదమ్మా."

"ఆలోచన మౌస్‌తోని రాదు గద సార్."

సారు కాసేపు ఆలోచించి, "ఆలోచిస్తూ మధ్యమధ్య కదుపుతూ ఉండు" అని సలహా ఇచ్చారు.

ఇక మా కాకినాడ కుర్రాడి సంగతి. ఇంటినుంచి పనిచేసే రోజుల్లో వాడి చుక్క ఉదయం నుంచి సాయంత్రం దాకా మామిడాకు తోరణంలా పచ్చగా ఉండేది. దానికి ఒకటే లోపం, వాడుండే నిజాంపేటలో కరెంటు పోయిన ఐదు నిమిషాలకి వాడిపోయేది. సారుకి ఇది కొరకరాని కొయ్యయింది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, వైఫైకి ఇన్వర్టరుంది. మరి కరెంటు పోతే చుక్క ఎందుకు పోవాలి?

"ఏం బాబూ, కరెంటు పోతే నువ్వూ పోతావా?"

"ఆయ్, ఉక్కండి సార్. అలా బయటికెళ్లి గాలి పీల్చుకొస్తానండి."

మాకు అసలు రహస్యం తెలుసు. వాడి టేబుల్ ఫ్యాన్ మూతికి ఓ పురికొస, పురికొస చివర మౌసు. ఫ్యాను అటు తిరిగితే మౌసు అటు, ఇటు తిరిగితే ఇటు. ఆ ఫ్యాను పెట్టిన ప్లగ్గుకి ఇన్వర్టరు లైను లేదు. వాడు మాత్రం పని ఎగ్గొట్టేవాడు కాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఊరు నిద్రలేచేలోగా రోజు పనంతా తేల్చేసే రకం. తొమ్మిదిన్నర తర్వాత మిగిలేది చుక్కను మేపడమే. దానికి వాడే ఎందుకు, ఫ్యాను చాలు. ఇదొక్కటే కాదు, లోకంలో ఇంకా ఉపాయాలున్నాయి. సెకన్ల ముల్లు తిరిగే గడియారం అద్దం మీద మౌసును బోర్లించేవాళ్లున్నారు, మీట మీద చెంచా బరువు పెట్టేవాళ్లున్నారు. తాలూకాఫీసు కోటుకి ఇవన్నీ మనవలూ మునిమనవలూ.

సారు చదువరి కూడా. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణ మీద 1911లో వేసిన పుస్తకం ఆయనకి పారాయణ గ్రంథం. బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో రోజుకి 12.5 టన్నుల ఇనుప దిమ్మెలు మోసే కూలీ చేత, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు ఆగాలో చెప్పి, 47 టన్నులు మోయించానని టేలర్ రాసుకున్నాడు. సారు ఈ కథ ప్రతి అప్రైజల్‌కీ చెబుతారు. "దిమ్మెకైతే కాటా ఉంది సార్" అని ఒకసారి నసిగాను. "అందుకే కదయ్యా సాఫ్ట్‌వేర్ కొన్నది" అన్నారు.

2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు నడుస్తున్నట్టు నటింపజేసినందుకు డజనుకి పైగా ఉద్యోగుల్ని తీసేసిందన్న వార్త వచ్చింది. సారు దాన్ని గంటలో మూడుసార్లు మా గ్రూపులో పెట్టారు. మౌసును తనంతట తానే కదిపే జిగ్లర్ అనే పరికరం బజారులో దొరుకుతుందని మాలో సగంమందికి తెలిసింది ఆ వార్త చదివాకే.

మేమూ ఊరుకోలేదు. 2016 జనవరిలో లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక, కుర్చీలో మనిషి ఉన్నాడో లేడో కనిపెట్టే పెట్టెల్ని విలేకరుల బల్లల కింద బిగించి, గోల కావడంతో ఆ రోజే పీకేసిన కథ పంపాం. సారు ఏమీ అనలేదు కానీ, వంగి తన టేబుల్ కింద ఒకసారి చూసుకున్నారు. మాకు పెట్టినలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే ఉద్యోగుల్ని అతిగా కనిపెట్టిన ఓ సంస్థకి ఫ్రాన్సు డేటా పరిరక్షణ వ్యవస్థ 2024 డిసెంబరులో 40,000 యూరోల జరిమానా వేసిందనీ పంపాం. "అది ఫ్రాన్సు. ఇక్కడ చేరేరోజున మీరే సంతకాలు పెట్టారు. 2023 డేటా చట్టంలో కూడా ఉద్యోగ అవసరాలకైతే విడిగా ఒప్పుకోలు అడగక్కర్లేదని వెసులుబాటు ఉంది" అని, చట్టాన్ని విసనకర్రలా ఊపుతూ చెప్పారు.

చివరికి బ్రహ్మాస్త్రం తీశాం. సత్య నాదెళ్ల అంటే సారుకి ప్రాణం. "మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కుర్రాడు" అంటారు, తానే అడ్మిషన్ ఇప్పించినట్టు. 2022లో ఆ నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్టే 11 దేశాల్లో 20,000 మందిని అడిగి చూసింది. బాగా పనిచేస్తున్నామని ఉద్యోగుల్లో 87 శాతం చెప్పారు. అది పూర్తిగా నమ్ముతున్నామన్న పైవాళ్లు 12 శాతం. ఈ అనుమానపు జబ్బు వదిలించుకోవాలని నాదెళ్లే అన్నారు. చుక్క పెట్టిందీ ఆ కంపెనీయే, చుక్కను చూసి జబ్బు తెచ్చుకోవద్దన్నదీ ఆ కంపెనీయే. సారు అంతా శ్రద్ధగా చదివి, "అంటే 88 శాతం మంది జాగ్రత్తగానే ఉన్నారన్నమాట. మంచిదే" అన్నారు.

ఆయన మొదటి నుంచీ ఇలా లేరు. ఒకరోజు లంచ్‌లో గోంగూర డబ్బా చుట్టూ చేరినప్పుడు పాతకథ చెప్పారు. కోడు రాసే రోజుల్లో ఓసారి బిల్లుల లెక్కలో ఎక్కడో పైసల తేడా వస్తోందట. మూడు రోజులు సీట్లో కూచోలేదు. రోడ్డు మీద ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, ఉస్మానియా బిస్కట్లు ముంచుకు తింటూ, వచ్చేపోయే బస్సుల్ని చూస్తూ గడిపారు. మూడోరోజు సాయంత్రం 10హెచ్ బస్సు మలుపు తిరుగుతుంటే తప్పు ఎక్కడుందో కళ్ల ముందు కనబడిందట. పరుగెత్తుకొచ్చి ఒక్క లైను మార్చారు. ఆ లైనుకే ప్రమోషన్ వచ్చింది. చెబుతుంటే ఆయన చెయ్యి గోంగూరలోనే ఆగిపోయింది. కళ్లకి ఇరవై ఏళ్లు తగ్గాయి.

"ఆ మూడు రోజులు మీ చుక్క ఏ రంగుల ఉండె సార్?" అంది వరంగల్ అమ్మాయి.

సారు డబ్బా మూతపెట్టారు. "అప్పట్లో చుక్కలు లేవమ్మా" అన్నారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. సారుకి పైన బెంగళూరులో ఇంకో చుక్కలాయన ఉన్నాడు. మా చుక్కల్ని కనిపెట్టాలంటే కళ్లు కావాలి గానీ చేతులు అక్కర్లేదు. రెప్ప వేయకుండా మమ్మల్ని చూస్తూ కూచుంటే ఐదు నిమిషాలకి సారు చుక్కే పసుపెక్కిపోయేది. ఆఫీసులో అందరికన్నా ఎక్కువ శ్రద్ధగా కూచునే మనిషికి అందరికన్నా తక్కువ మార్కులు. బెంగళూరు నుంచి ఫోను వచ్చిన రోజున సారు నిలబడి మాట్లాడేవారు. "ఉన్నానండీ... ఇక్కడే ఉన్నానండీ... చూస్తూనే ఉన్నానండీ..." ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంటే ఆలోచించాం. అది మా గొంతే.

ఓ సోమవారం నుంచి సారు ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయన చుక్క వాడిపోవడం మానేసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిగనిగలాడుతూ ఉండేది. యోగా మొదలుపెట్టారేమో అనుకున్నాం.

జులైలో ఓరోజు కుండపోత వాన. అందరం ఇళ్లలోనే ఉన్నాం. మధ్యాహ్నం సారు గ్రూపులో రాశారు: "మా కాలనీలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది. పని ఆగదు." ఐదు నిమిషాలు గడిచాయి. పదిహేడు జతల కళ్లు చూస్తూ ఉండగానే సారు చుక్క పసుపురంగుకి తిరిగింది.

మరుక్షణం కాకినాడ కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "ఆయ్, చూశారాండీ? ఆయనదీ టేబుల్ ఫ్యానేనండి" అన్నాడు, దూరపు చుట్టం దొరికినంత సంబరంగా.

గ్రూపులో ఎవరం కిక్కురుమనలేదు. గంటకి కరెంటొచ్చింది, చుక్కా వచ్చింది.

తర్వాతి వారం నిజాంపేటలో కరెంటు పోయింది. కుర్రాడి చుక్క వాడింది. ఇంకేముంది, ప్రశ్న వస్తుందని చూస్తున్నాం. రెండు నిమిషాలకి సారు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది:

"ఉక్కగా ఉంటుంది బాబూ. కాసేపు బయట గాలి పీల్చుకో."