ఊతపదాలకూ ఓ శ్లాబు

గౌరవనీయ జీఎస్టీ మండలి అధ్యక్షుల వారికి,

విషయం: ఊతపదాలను పన్ను పరిధిలోకి తేవలసిందిగా విన్నపం.

2025 సెప్టెంబరు 22 నుంచి మీరు శ్లాబులను 5, 18 శాతాలకు కుదించి, విలాసాలకు 40 శాతం వేరే పెట్టారు. సంతోషం. కానీ తెలుగునాట రోజంతా నోళ్లు మారుతున్న ఒక సరుకు మీ లెక్కలోకి రానేలేదు.

ముందు మినహాయింపుల సంగతి. గోదావరి జిల్లాల 'ఆయ్' జోలికి వెళ్లకండి. అది ఊతపదం కాదు, మర్యాద. 'అదేనండీ', 'మరేమో' కూడా వదిలేయండి. మాట కోసం తడుముకునే మనిషికి అవి ఊపిరి తీసుకునే సందు. సంస్కృత కవులంతటివారే చ, వై, తు, హి అంటూ పాదం నింపుకున్నారు. ఆ వెసులుబాటు మా పక్కింటి పిన్నిగారికి మాత్రం ఎందుకుండకూడదు?

'బేసిగ్గా', 'యాక్చువల్‌గా' అనే కుర్రకారుకు 5 శాతం చాలు. పెళ్లయ్యాక కొంత తగ్గుతుంది.

టీవీ విలేకరుల దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. వాన పడుతోందని చెప్పడానికి వాళ్లకు ఇంత కావాలి: "ఇక్కడ వాతావరణం ఒకసారి చూసుకున్నట్లయితే, వర్షం కురుస్తున్నటువంటి పరిస్థితి కనిపిస్తోందని చెప్పుకోవచ్చు." ముక్కు మీంచి నీళ్లు కారుతున్నా 'చెప్పుకోవచ్చు' అనే అనుమానం పోదు. ప్రతి 'అటువంటి'కీ 18 శాతం వేయండి.

ఇక 40 శాతానికి అసలైన అర్హత ఆఫీసర్ల 'జరిగింది'కి ఉంది. దరఖాస్తు పరిశీలించడం జరిగింది. గుంతలు పూడ్చడం జరుగుతుంది. పొరపాటు జరగడం కూడా జరిగింది! ఎవరు పరిశీలించారు, ఎవరు పూడుస్తారు, ఎవరి పొరపాటు? కర్త పత్తా ఉండడు. తక్కిన ఊతపదాలు మన కాలాన్నే తింటాయి, ఇది మనిషినే మాయం చేస్తుంది. ఇప్పుడిది ఇళ్లలోకీ దిగింది. మొన్న మా బంధువొకాయన "నిన్న మీ ఇంటికి రావడం జరిగింది, మీరు లేకపోవడం జరిగింది" అన్నాడు. తనంతట తాను వచ్చాడో, ఎవరైనా తెచ్చి దించి పోయారో నాకింతవరకూ తేలలేదు.

ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ మాత్రం ఇవ్వకండి. ఆఫీసరు అన్నమాటే విలేకరి అంటాడు, విలేకరి అన్నదే మా బంధువు అంటాడు. ముగ్గురూ క్రెడిట్ తీసేసుకుంటే చివరికి భారమంతా వినేవాడి మీదే పడుతుంది.

సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితేనే రిజిస్ట్రేషన్ అంటారు కదా, ఆ పరిమితి ఇక్కడా ఉంచండి. 'ఏంటంటే' లేకుండా నోరు తెరవని మా మామయ్య ఒక్క పెళ్లిచూపుల్లోనే దాన్ని దాటేస్తాడు. ఆయనకు నోటీసు పంపండి గానీ, వివరణకు స్వయంగా హాజరు కమ్మని మాత్రం రాయకండి. మీ సిబ్బందికి ఆ పూట భోజనం దక్కదు.

ఇట్లు,
వినీ వినీ అలసిన ఒక అంతిమ వినియోగదారుడు