మడమ తడి

రెండేళ్ల పాటు నేను నా మడమలను నమ్మలేదు.

నమాజుకు ముందు వుజూ చేసుకోవాలి. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తల మీద తడి చెయ్యి, చివరికి చీలమండల దాకా పాదాలు. ఒక్కొక్కటి ఒక్కసారి కడిగినా వుజూ అవుతుంది, మూడుసార్లు కడగడం సున్నత్, అంటే ప్రవక్త ఆచరణ. అంతకు మించి లేదు. మదరసాకు వెళ్లే ఏడేళ్ల పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. నాకూ తెలుసు. అయినా 2021 చివరి నాటికి ఒక్క వుజూకు బకెట్ నీళ్లు పట్టేవి. ఎడమ మడమ వెనక, చర్మం పగిలి గట్టిపడిన చోట, తడి తగిలిందో లేదో తేలేది కాదు. వేలితో తడిమితే తడిగానే ఉండేది. వేలే తడిగా ఉంది కదా, ఆ తడేనేమో అనిపించేది. మళ్లీ కుళాయి తిప్పేదాన్ని. అవతల జమాత్ అయిపోయి జనం ఇళ్లకు పోతుంటే నేనింకా గచ్చు మీద, తడిసిన చీర కుచ్చిళ్లతో కూర్చునే ఉండేదాన్ని.

మడమే ఎందుకంటే, వుజూలో మడమలు ఎండిపోయి ఉండటం గురించి గట్టిగా హెచ్చరించిన హదీసు ఒకటుంది. బుఖారీలోనూ ముస్లిములోనూ ఉంది. హడావుడిగా తడి చేత్తో పాదాలు తుడుచుకుని పోతున్నవాళ్లను చూసి ప్రవక్త చెప్పిన మాట. ఆడవాళ్ల ఇజ్తెమాలో, మత సమావేశంలో, అది విన్న రోజు నేను ఇంటికొచ్చి మూడు పూటల నమాజు తిరిగి చదివాను. ఇదంతా భక్తి అనుకున్నాను. ఇంత జాగ్రత్తగా ఉన్నది నేనొక్కదాన్నే అని లోపల్లోపల గర్వపడ్డాను కూడా. నా మూర్ఖత్వం గురించి చెప్పాలంటే ఆ గర్వం దగ్గరే మొదలుపెట్టాలి.

మాది ప్రొద్దుటూరు. దూదేకుల కుటుంబం. నాయన పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ రాని తురకలని ఒకవైపు వాళ్లు, తురకలని ఇంకోవైపు వాళ్లు అంటుంటే వింటూ పెరిగిన పిల్లను నేను. మా జేజి ఐదు పూటలా నమాజు చదివేది, సాయంత్రం అరుగు మీద దూదేకుల సిద్దయ్య తత్వాలు పాడేది. ఆమెకు రెండూ ఒకే దేవుడికి పోతాయి. చదువుకుని టీచరునయ్యాక నాకు ఆ కలగలుపు సిగ్గనిపించింది. మేం కూడా అందరిలాంటి ముస్లిములమేనని ఎవరికో రుజువు చెయ్యాలనిపించేది. అరబ్బీ అక్షరం పలకడంలో తప్పు పోతుందేమో, రకాతు లెక్క తప్పుతుందేమో అన్న జంకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ జంకు మీదే తర్వాతి భయం మొలిచింది.

2021 మే నెలలో నాయన కరోనాతో పోయాడు. జిప్పు వేసిన సంచిలో తెచ్చారు. మామూలుగా అయితే మయ్యత్‌కు గుసుల్, అంటే శవానికి స్నానం, చేయిస్తారు. రేగాకు వేసి కాచిన నీళ్లు పోస్తారు, ఆఖరి నీళ్లలో కర్పూరం కలుపుతారు. మగవాళ్లు లోపల ఆ పని చేస్తుంటే ఆడవాళ్లం బయట కూర్చుని ఆ నీళ్ల చప్పుడు వింటాం. ఆ రోజు ఆ చప్పుడు లేదు. తెల్ల సూట్లు తొడుక్కున్న నలుగురు సంచిని అట్లాగే దించారు. మా తమ్ముడు దూరం నుంచి మట్టి వేసి వచ్చాడు. మహమ్మారిలో పోయినవాళ్లకు షహీద్ దర్జా ఉంటుందని హదీసు ఉందని, ఇలాంటప్పుడు వెసులుబాటు ఉందని పెద్దలు చెప్పారు. తల ఊపాను. దూది ఏకి ఏకి ఎప్పుడూ తెల్లగా నూగు పట్టి ఉండే ఆ మనిషిని కడగకుండా పంపామన్న మాట మాత్రం గొంతులో ఆగిపోయింది. దాన్ని ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు గాబరా మొదలైంది. మా ఇళ్లలో దీన్ని గాబరా అనే అంటారు, పుస్తకాల్లో ఆందోళన అని రాస్తారు. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే అరచేతులు చల్లబడేవి, మూతి చుట్టూ తిమ్మిరి, గుండె దడదడ. ఇసిజి తీయిస్తే మామూలుగా ఉందన్నారు. గాబరాలో ఊపిరి ఎక్కువెక్కువగా తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిర్లు వస్తాయని తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా, నా ఈమాన్ బలహీనమైందని. నమ్మకం ఉన్నవాళ్లకు భయం ఎందుకుంటుంది? ఇక మనసు ఒక లెక్క కట్టుకుంది. మడమ ఎండితే వుజూ లేదు. వుజూ లేకపోతే నమాజు లేదు. నమాజు లేకపోతే నా పిల్లలిద్దరికీ కాపు లేదు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు నమాజు ఉండదు కదా. అల్లా ఇచ్చిన ఆ సెలవు రోజుల్లో నేను రాత్రంతా లేచి లేచి పిల్లల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

ఒకటి చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. జేజి ఒక్క చెంబుడు నీళ్లతో వుజూ ముగించేది. ఒకరోజు చుట్టాలందరి ముందు, "నీ వుజూ చెల్లదు జేజీ, ఇన్నేళ్లూ నువ్వు చదివిన నమాజులన్నీ పోయినట్టే" అన్నాను. కొడుకు పోయి ఏడాది కూడా కాలేదు ఆమెకు. ఏమీ అనలేదు. చెంబు బోర్లించి లోపలికి పోయింది. ప్రవక్త ఒక ముద్ నీళ్లతో వుజూ చేసుకునేవారని సహీహ్ ముస్లిములో ఉంది. ముద్ అంటే లీటరులో మూడొంతులు కూడా ఉండదు. జేజి చెంబు అంతే.

2021 డిసెంబరులో మా ఆయన బలవంతం మీద మానసిక వైద్యురాలి దగ్గరికి పోయాను. ఆమె మాత్ర రాసి, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాకు చెప్పకుండా ఆపొద్దు అన్నారు. ఫిబ్రవరి చివరికి నిద్ర పట్టసాగింది. మార్చిలో బకెట్ సగానికి వచ్చింది.

ఏప్రిల్ 3న రంజాన్ మొదలైంది. మాత్ర పొద్దున ఎనిమిదికి వేసుకునేదాన్ని. ఉపవాసంలో మాత్ర మింగితే రోజా పోతుంది. అప్పటికే ఇజ్తెమాలో ఒకామె, ఈమాన్ ఉన్న గుండెకు మనసు మందులతో పనేంటి అని ఉంది. ఆమెను తప్పు పట్టను, నేను కూడా అదే నమ్మాను కాబట్టి ఆ మాట అంటుకుంది. బరకత్ ఉన్న నెలలో మందు లేకుండా బాగుపడి చూపించాలనుకున్నాను. మొదటి రోజే మాత్రలు ఆపేశాను. డాక్టరును అడగలేదు, హజ్రత్‌ను అడగలేదు. ఒక్క ఫోను చేసి ఉంటే, తెల్లవారక ముందు తినే సహరీ వేళకు మార్చుకోమని చెప్పేవాళ్లు. అంతే పని. రోజుకు ఒక్క మాత్ర, దాని గంట మార్చుకుంటే సరిపోయేది.

నాలుగో రోజుకు తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. ఊరికే ఏడుపొచ్చేది. ఈ మందులు ఉన్నట్టుండి ఆపితే అలా అవుతుందని తెలియక, పవిత్ర నెలలో కూడా నాకు నెమ్మది లేదంటే అల్లా నన్ను వదిలేశాడని అర్థం చెప్పుకున్నాను. రెండో అషరా, అంటే రెండో పది రోజులు, వచ్చేసరికి భయం అంతకు ముందున్న దానికంటే పెద్దదై తిరిగొచ్చింది. ఒక రాత్రి రంజాను నమాజు తరావీహ్‌కు వుజూ చేసుకోవడానికి కూర్చుని, కుళాయి కట్టలేక, రెండు గంటలు అక్కడే ఉండిపోయాను. పాదాలు నాని ముడతలు పడి తెల్లబడ్డాయి.

జేజి వచ్చింది. పక్కన గచ్చు మీదే చతికిలబడింది. చెయ్యి చాపి కుళాయి కట్టింది.

"మీ నాయనకు పోయాల్సిన నీళ్లు ఇంకా పోస్తానే ఉండావు కదమ్మా" అంది.

ఏడాదిగా నాకు తెలియనిది ఆమెకు ఎట్లా తెలిసిందో. ఆమెకూ అదే బాధ ఉండబట్టే తెలిసి ఉంటుంది. ఆ రాత్రి ఇద్దరం తరావీహ్ చదవలేదు. రేగాకు నీళ్ల గురించి, కర్పూరం గురించి, ఆ సంచి గురించి మాట్లాడుకున్నాం. నాయన పోయాక మేమిద్దరం ఆయన గురించి నోరు తెరిచి మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు మా ఆయన డాక్టరుకు ఫోన్ చేశాడు, నేను ఆలిమా ఆపా దగ్గరికి పోయాను. ఆపా మా మసీదు హజ్రత్ భార్య, ఆమె దగ్గర ఇల్మ్, మత జ్ఞానం, ఉంది. అంతా విని ఆమె అడిగింది: "దిగులు పాపమైతే, దిగులు నుంచి కాపాడమనే దువా ప్రవక్త ఎందుకు అంత ఎక్కువగా చేసేవారమ్మా?" ఆ దువాలో రెండు మాటలున్నాయి, హమ్మ్, హజన్. రాబోయేదాని గురించిన గుబులు ఒకటి, పోయినదాని గురించిన దుఃఖం ఒకటి. ఆ రెండూ ఆయన ఎరిగినవే. ఖదీజా, అబూ తాలిబ్ ఒకే ఏడు పోతే ఆ ఏటికి దుఃఖ సంవత్సరమనే పేరు వచ్చింది. యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాకూబ్ ప్రవక్త కళ్లు తెల్లబడ్డాయి. ఇవన్నీ నేను విననివా? విన్నాను. నాకు వర్తిస్తాయనుకోలేదు.

తర్వాత ఆపా చెప్పినది నాకు తాడులా దొరికింది. ఫిఖ్‌లో, మన ధర్మ విధుల శాస్త్రంలో, ఒక మూలసూత్రం ఉంది: ఖాయంగా తెలిసినదాన్ని అనుమానం కొట్టేయలేదు. వుజూ చేసుకున్నావని తెలుసు కదా, పోయిందేమో అన్న శంక లెక్కకు రాదు. పని ముగిశాక వచ్చే శంకకు అసలు విలువే లేదు. రకాతులు మూడా నాలుగా అన్న సందేహానికి కూడా సజ్దా సహ్వ్ అని అదనపు సజ్దాల దారి వేసి పెట్టారు, నమాజంతా తిరగదోడమనలేదు. నేను దీన్ అనుకుంటూ వచ్చింది వస్వసా అని, అంటే మనసులో దూరే శంక అని, దాని మాట వినడం భక్తి అవదని ఆపా చెప్పింది. మనసులో వచ్చే పాడు ఆలోచనలు చెప్పుకోలేక ప్రవక్త సహచరులు సహాబాలు బాధపడితే, ఆ బాధే ఈమాన్‌కు గుర్తు అన్నారట ప్రవక్త. రోజా సంగతీ తేల్చేసింది: రోగికి ఉన్న వెసులుబాటు మనసు రోగికీ ఉంది, మాత్ర సహరీకి వేసుకో, అప్పటికీ చాతకాకపోతే రోజా వదిలి తర్వాత ఖజా, బదులు రోజా, పట్టు.

వారం తర్వాత డాక్టరమ్మ అడిగారు. "మీ మతంలో ఎన్నిసార్లు కడగమన్నారు?"

"ఎక్కువలో ఎక్కువ మూడుసార్లండీ."

"అయితే మూడే. అనుమానం వస్తుంది, రానివ్వండి. మళ్లీ కుళాయి తిప్పొద్దు. గడియారం చూస్తూ కూర్చోండి."

భయం వేసినప్పుడల్లా కడిగితే ఆ నిమిషానికి భయం దిగుతుంది, దాంతో కడగడమే నిన్ను కాపాడిందని మనసు నేర్చుకుంటుంది, ఈసారి ఇంకో చెంబు అడుగుతుంది. ఆమె అట్లా విడమరిచి చెప్పారు. ఆమె హిందువు, ఆలిమా ఆపాను ఎన్నడూ చూడలేదు. ఇద్దరూ నాకు చెప్పింది ఒకటే: అనుమానానికి జవాబు ఇవ్వకు. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు నలభై నిమిషాలు పట్టింది. చెమటలు పోశాయి. దిగిపోయింది. దానంతట అదే.

ఆ తర్వాత చదువుతుంటే బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే ఆయన గురించి తెలిసింది. 934లో పోయారు. ఒంటికి వచ్చే జబ్బులతో పాటు మనసుకు వచ్చేవాటి గురించీ ఒక గ్రంథం రాశారు, అందులో భయం, దిగులు, విడవని వస్వసా వేరువేరుగా ఉన్నాయి. ఇంట్లో మందులు దాచుకున్నట్టు, మనసు నెమ్మదిగా ఉన్న రోజున మంచి ఆలోచనలు కొన్ని దాచి పెట్టుకోవాలని, గాబరా వచ్చిన రోజున అవి తీసి వాడుకోవాలని సలహా ఇచ్చారు. వెయ్యేళ్ల నాడే మన పెద్దలు దీన్ని జబ్బు అని పేరు పెట్టి, చేతిలో చెయ్యి వేసి మాట్లాడారు. నేనేమో ఈ కాలంలో ఉండి, స్కూల్లో సైన్సు చెప్పే మనిషినై ఉండి, దాన్ని పాపమని దాచుకున్నాను. నా ఇంట్లోవాళ్లు దాని ఖరీదు కట్టారు. మా పెద్ద పిల్ల ఇప్పటికీ నేను బాత్రూములో ఆలస్యం చేస్తే తలుపు దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, మోతాదు తగ్గింది. రంజానులో సహరీకి వేసుకుంటాను. ఇంట్లో అందరికీ తెలిసేటట్టు, పళ్లెం పక్కనే పెట్టుకుంటాను. గాబరా పూర్తిగా పోలేదు. నమాజు దాన్ని తీసెయ్యలేదు. ఐదు పూటలా అది వచ్చినా రాకున్నా లేచి నిలబడడానికి ఒక వేళ ఇచ్చింది, సజ్దాలో నుదురు నేలకు ఆన్చి, నాకు భయంగా ఉంది అని చెప్పుకోవడానికి ఒకణ్ణి చూపింది. ఇంతకు ముందు ఆ మాట ఆయనకే చెప్పకుండా దాచాను.

జేజిని క్షమాపణ అడిగాను. "పోనీలే" అంది. ఇప్పుడు సాయంత్రం మగ్రిబ్‌కు ఇద్దరం ఒకే గచ్చు మీద వుజూ చేసుకుంటాం. ఆమె చెంబు నాకు ఇస్తుంది, నేను మిగిలిన నీళ్లు ఆమె పాదాల మీద పోస్తాను, ఆమె వంగలేదు కాబట్టి. నిన్న కూడా ఎడమ మడమ దగ్గర ఆ అనుమానం వచ్చింది. చెంబులో ఇంకా నీళ్లున్నాయి. జేజి అప్పటికే లోపలికి పోయి జానిమాజు పరుస్తోంది. చెంబు బోర్లించి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. మడమ తడిసిందో లేదో నాకు తెలియదు. అల్లాహు అక్బర్ అని చేతులు కట్టుకున్నాను.