డెసిబెల్ మాఫీ

వినాయక చవితి వచ్చిందంటే మా వీధిలో మోతను కొలిచే సాధనాలు మూడు బయటికొస్తాయి. పోలీసు చేతిలో మీటరు, కుర్రాడి ఫోన్‌లో యాప్, పైవాటాలో ఉండే పెద్దాయన గుండె. మూడింటిలోనూ ఠంచనుగా పరీక్ష జరిగేది ఆ గుండెకే. ఆరు నెలలకోసారి ఈసీజీ తీయించుకుంటారాయన.

చట్టానికి ఏ లోటూ లేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45. ఆ 45 సంగతి డీజే అతనికి చెప్పి చూశాను. వినబడలేదన్నాడు.

చిక్కంతా ఆ అంకెను చూపించే డబ్బాతోనే. మీటరు కొసనున్న మైకులో పల్చటి పొర ఒకటుంటుంది. ఎండకీ చెమ్మకీ దెబ్బకీ దాని గుణం మారుతుంది. అందుకే కొలిచే ముందు కాలిబ్రేటర్ అనే చిన్న గొట్టాన్ని ఆ మైకుకు తొడగాలి. అది 1000 హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్ కూత కూస్తుంది. మీటరూ 94 అనాలి, అనకపోతే అనేలా సర్దాలి. పనయ్యాక మళ్లీ తొడిగి చూడాలి. అర డెసిబెల్‌కి మించి తేడా వస్తే ఆ పూట రీడింగులన్నీ చెత్తబుట్టకే. ఆ గొట్టాన్ని కూడా ఏడాదికోసారి ల్యాబుకు పంపి పరీక్ష చేయించాలి.

పద్ధతి అదీ. ఇక మనవాళ్ల మీటరు వేసవంతా జీపు డాష్‌బోర్డు మీద ఎండ కాగి ఉంటుంది. కాలిబ్రేటర్ బీరువాలో ఉంటుంది, బీరువా తాళం బదిలీ అయిపోయిన సారు దగ్గరుంటుంది. సర్టిఫికెట్ మాత్రం భద్రం, ల్యామినేషన్ చేయించారు. కిరాణా కొట్టు కాటాకు ముద్ర లేకపోతే జరిమానా వేసే సర్కారు, తన చేతిలోని మీటరు దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకుని నమ్మేస్తుంది.

మీటర్లలో క్లాస్ 1, క్లాస్ 2 అని రెండు తరగతులు. ఐఈసీ 61672 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం క్లాస్ 2 మీటరు 1000 హెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ అటూ ఇటూ తప్పొచ్చు. 16,000 హెర్ట్జ్ దగ్గరికెళితే పైకి 5 డెసిబెల్స్ హద్దు పెట్టారు. కిందికి హద్దే లేదు, అనంతం గుర్తు వేసి ఊరుకున్నారు. అంటే ఆ కీచుదనం దగ్గర తనకేమీ వినబడలేదని చెప్పినా మీటరు పాసే! ఇలాంటి వెసులుబాటు తమ ఫిర్యాదుల విభాగానికీ రాసివ్వమని అడగని అధికారి ఉంటాడా?

అసలు మాఫీ ఇంకోచోట ఉంది. నిబంధనల్లోని డెసిబెల్ పక్కన బ్రాకెట్లో ‘ఏ’ అని ఉంటుంది. చిన్న చప్పుళ్లలో మన చెవి బేసును తక్కువగా పట్టించుకుంటుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు గీసిన గీతల ఆధారంగా వచ్చిన లెక్క అది. 40 డెసిబెల్స్ దగ్గరి గుసగుసలకు ఆ లెక్క న్యాయమే. మన నిమజ్జనంలో అలాంటి గుసగుసలు ఎవరాడతారు? కిటికీ రెక్కలు గడగడలాడించి, స్టీలు గిన్నెల్ని గట్టు మీంచి దూకించే బేసు 63 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కడ ‘ఏ’ లెక్క ఏకంగా 26 డెసిబెల్స్ కోసేస్తుంది. 100 కాస్తా 74 అయి కూర్చుంటుంది. 26 డెసిబెల్స్ అంటే శక్తిలో సుమారు 400 రెట్లు. ఏ ఎన్నికల ఏడాదిలోనూ ఏ ప్రభుత్వమూ ఇంత మాఫీ ప్రకటించలేదు. అదే మీటరును ‘సీ’ అనే ఇంకో లెక్క మీదికి తిప్పితే కోత ఒక డెసిబెల్ కూడా ఉండదు. మీట తిప్పితే చాలు. కానీ నిబంధనలో ఉన్నది ‘ఏ’ కదా!

ఇక ఫోన్ యాప్ సంగతి. ఫోన్ మైకును మన మాటలు పట్టుకోవడానికి చేశారు, లారీ నిండా స్పీకర్లు పట్టుకోవడానికి కాదు. మోత మితిమీరితే దాని నోరు పడిపోతుంది. ఒకే చోట నిలబడ్డ మూడు ఫోన్లు మూడు అంకెలు చెబితే, కమిటీ వాళ్లు అన్నిటికన్నా తక్కువది వాట్సాప్‌లో పెడతారు. పైగా ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి కాబట్టి, ఎస్సై గారు టీ కొట్టు దాకా నడిచి కొలిస్తే చట్టం దానంతటదే అమలైపోతుంది.

ఈమధ్య డీజే కుర్రాళ్లూ బాగా చదువుకుంటున్నారు. మొన్న ఒకడు వినయంగా చేతులు కట్టుకుని ఎస్సై గారిని అడిగాడు.

“సార్, మీటరు ఏ మీదుందా, సీ మీదుందా?”

“నీకెందుకురా?”

“సీ అయితే బేసు తగ్గిస్తాం సార్. ఏ అయితే ఇంకొంచెం పెంచుకుంటాం.”

“బ్యాటరీ లేదురా అందులో. పో, పోయి బండి పక్కకు తియ్యి!”