గుడ్డసంచి వ్రత విధానం

తెలుగునాట ఈమధ్య కొత్త వ్రతం ఒకటి వెలిసింది. తిథి వార నక్షత్రాలతో పనిలేదు, ఉపవాసం అసలే అక్కర్లేదు. గృహప్రవేశం, సీమంతం, షష్టిపూర్తి, అపార్ట్‌మెంటు సంఘం వార్షికోత్సవం, ఏ సందర్భంలోనైనా చేసుకోవచ్చు. పర్యావరణ దినోత్సవమైన జూన్ 5న చేస్తే పేపర్లో ఫొటో అదనపు ఫలం. విధానమంటారా, వచ్చినవాళ్ళందరి చేతుల్లో తలా ఒక గుడ్డసంచి పెట్టడమే. సంచికి ఒకవైపు చెట్టు బొమ్మ, ‘భూమాతను కాపాడుకుందాం’ అనే నినాదం. రెండోవైపు దాతల పేర్లు, ఊరు, ముహూర్తం. భూమాతకు ఎంత పెద్ద అక్షరాలు, దాతకు ఎంత పెద్ద అక్షరాలు అన్నది ఎవరి భక్తిని బట్టి వారికి.

ఇస్తినమ్మ సంచి, పుచ్చుకుంటినమ్మ సంచి. పుచ్చుకున్న సంచి ఇంటికొచ్చి వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. దానిలోకి ఇంకో సంచి, ఇంకోటి చేరతాయి. చివరికి ఒక పెద్ద సంచి నిండా చిన్న సంచులే. ఇంటాయన మాత్రం కూరలకు చేతులూపుకుంటూ వెళ్ళి నాలుగు కవర్లతో తిరిగొస్తాడు. ‘‘సంచి తీసుకెళ్ళలేదా అండీ?’’ అంటే, ‘‘అంత మంచి సంచిలో చామదుంపలేమిటే, మట్టవుతుంది’’ అంటాడు.

ఈ వ్రతానికి లెక్క కట్టినవాళ్ళున్నారు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఒక నివేదిక ఇచ్చింది. ఒకసారి సరుకులు తెచ్చి ఆపైన చెత్తబుట్టలో పరుచుకునే మామూలు కవరుతో నూలుసంచి సరితూగాలంటే ఎన్నిసార్లు వాడాలన్నది ప్రశ్న. ఒక్క వాతావరణానికి జరిగే చేటు చూస్తే 52 సార్లు. నీళ్ళు, ఓజోన్ పొర వగైరా అన్నీ కలిపి చూస్తే 7,100 సార్లు. ఆర్గానిక్ పత్తి సంచికైతే 20,000 సార్లు. పత్తి ఊరికే పండదు కదా. పొలం కావాలి, నీరు కావాలి, ఎరువు కావాలి. ఆ తర్వాత జిన్నింగు, నూలు, నేత, అద్దకం. వారానికోసారి రైతుబజారుకు పట్టుకెళ్ళే గృహస్థు ఆర్గానిక్ సంచి బాకీ తీర్చడానికి 384 ఏళ్ళు పడుతుంది. గోల్కొండను అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్న రోజుల్లో ఎవరైనా ఇలాంటి సంచి పుచ్చుకుని, వారం తప్పకుండా వాడుకుంటూ వచ్చి ఉంటే, వాళ్ళ వంశం ఈపాటికి ఒడ్డున పడేది.

ఆ లెక్క డెన్మార్క్‌ది, మనకు చెల్లదంటారా? సగం ఒప్పుకుంటాను. వాళ్ళు వీధిలో పారేసిన కవర్లను లెక్కలోకి తీసుకోలేదు. మన కవర్లు మురుక్కాలవకు అడ్డం పడతాయి, ఆవు కడుపులో చేరతాయి. ఆ సంగతి తలుచుకుంటే మనకు గుడ్డసంచే మేలు. అయితే ఆ మేలు మేకు దిగి బజారుకెళ్ళిన సంచిదే. ఏడాదంతా వారం వారం తిరిగిన సంచి కనీసం ఆ 52నైనా అందుకుంటుంది. తలుపు వెనక వేలాడే సంచి ఆవును కాపాడదు, కాలవనూ కాపాడదు. దాత పేరును మాత్రం కాపాడుతుంది.

ఇక అసలు రహస్యం. మనం గుడ్డసంచి అని మురిసిపోతున్నవాటిలో బోలెడన్ని గుడ్డే కావు. చీరల షాపుల్లో ఇచ్చే ఆ మెత్తటి రంగుల సంచులు చాలావరకు పాలీప్రొపిలీన్. ఫంక్షన్ హాల్లో మనం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీకి స్వయానా తోబుట్టువు. దాన్ని నేయరు, వేడిచేసి అతికిస్తారు. అంచుకు అగ్గిపుల్ల చూపిస్తే నూలులా బూడిద కాదు, కరిగి ముద్దవుతుంది. ప్రభుత్వం 2021 నిబంధనల్లో దీన్ని నాన్‌వోవెన్ ప్లాస్టిక్ సంచి అనే రాసి, చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గకూడదంది. మనమేమో దాని మీద ‘ప్లాస్టిక్ వద్దు’ అని అచ్చేసి పంచుతున్నాం.

వ్రతం జరిగే చోటు కూడా చూసి తరించాలి. గుమ్మంలో ‘ప్లాస్టిక్ రహిత వివాహానికి స్వాగతం’ అంటూ నిలువెత్తు ఫ్లెక్సీ. 2022 జూలై 1 నుంచి కేంద్రం పెట్టిన నిషేధం 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లకే కనక, ఫ్లెక్సీ ఎంత దళసరైతే దాత అంత ధర్మాత్ముడు. పంక్తిలో అరిటాకు బొమ్మ అచ్చేసి ప్లాస్టిక్ పూత పూసిన కాగితం. దాని పక్కన రెండు గుక్కల నీళ్ళ సీసా. ఒక గుక్క మనకు, ఒక గుక్క చెత్తకు. చేయి కడుక్కుని వస్తే సంచి ప్రదానం. లోపల ప్లాస్టిక్ డబ్బా, దానిలో కవరు, కవరులో రెండు లడ్లు.

వ్యాపారులు ఇంకో మెట్టు పైనున్నారు. తన పేరు వేసుకున్న కాగితపు సంచికి కొనేవాడి దగ్గరే 3 రూపాయలు వసూలు చేసినందుకు బాటా కంపెనీని 2019లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం 9,000 రూపాయలు కట్టమంది. ఆ మాటకొస్తే మన బంధువులే నయం. వాళ్ళ పేరున్న సంచి మోయమంటారే కానీ మోసినందుకు డబ్బులడగరు.

వ్రతమన్నాక ఉద్యాపన ఉండాలి. దానికి సంచి కొననక్కర్లేదు, కుట్టించనక్కర్లేదు. ఈసారి శుభలేఖలో ‘మీ దీవెనలే మాకు కానుకలు’ అన్న వాక్యం కింద ఇంకొకటి చేర్చండి: ‘మా ఇంట్లో పేరుకుపోయిన సంచుల్లో నచ్చినవి రెండు పట్టుకెళ్ళ ప్రార్థన.’ ఎవరూ పట్టుకెళ్ళరు. వాళ్ళిళ్ళలోనూ అన్నే ఉన్నాయి. అప్పుడైనా తెలిసొస్తుంది, ఊరికి కావలసిన సంచులన్నీ ఎప్పుడో కుట్టేశారని.