అర్జెంటు సందేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పెళ్లి పత్రిక అచ్చుకు వెళ్లాల్సిన ముందు రాత్రి, పెళ్లివారి బంధువు ఒకాయన కంప్యూటరు తెలిసినవాళ్లున్న వాట్సాప్ బృందంలో ఒక సందేశం పెట్టాడు. ఆ బృందంలోని వారు పైసా పుచ్చుకోకుండా సాయం చేసే సజ్జనులు. వారి ఉపయోగార్థం ‘సహాయసంజీవని’ అనే ఈ వ్యాఖ్య ఆరంభమవుతోంది. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథ సూరి తన వ్యాఖ్యకు రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయకపోవడం, అక్కరలేనిది చెప్పకపోవడం. సాయం చేసేవాడికీ అవే చాలు.

మూలం

“సార్ నమస్తే. పెళ్లి పత్రిక ఫైల్ ఓపెన్ చేస్తే అక్షరాలు రావట్లేదు. అన్నీ ట్రై చేశాను. అర్జెంట్. తెలిసినవాళ్లు చెప్పగలరు.”

ప్రతిపదార్థం

సార్ = స్త్రీపురుష భేదము లేక బృందములో సర్వులకును చెల్లు సంబోధనము; నమస్తే = మంగళాచరణము; పెళ్లి పత్రిక = ముహూర్తమునకు ముందే చేరవలసిన వస్తువు; ఫైల్ = ఎవరు, దేనిలో కొట్టిరో తెలియనిది; ఓపెన్ చేస్తే = ఫోనులోనో, కంప్యూటరులోనో తెరువగా; అక్షరాలు రావట్లేదు = ఏవో వచ్చినవి గాని, కావలసినవి రాలేదు; అన్నీ = రెండు (మూసి తెరచుట, ఆపి ఆన్ చేయుట); అర్జెంట్ = ఇంట పెద్దలు తిట్టుచున్నారని వ్యంగ్యము; తెలిసినవాళ్లు = తెలియనివారు దయచేసి ఊరకుండవలెనని ధ్వని.

విశేషాలు

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని అన్నంభట్టు తర్కసంగ్రహం చెబుతుంది. జవాబుకూ ఈ మూడూ కావాలి.

ఆకాంక్ష: ‘ఓపెన్ చేస్తే’ అనగానే ‘దేనిలో?’ అన్న ప్రశ్న పుడుతుంది. అది తీరకుండా జవాబు రాస్తే అది మూలంలో లేనిది రాయడమే. ముందు అడగాలి. పది ప్రశ్నలు కుమ్మరిస్తే అడిగినవాడు బెదిరిపోతాడు. ఇక్కడ ఒకటి చాలు: “తెర ఫొటో ఒకటి పెట్టండి. పత్రికలోని ఫోన్ నంబర్లు, చిరునామాలు కనబడకుండా మూసి పెట్టండి.”

ఆ ఫొటోతో రోగం తేలిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు, వింత గుర్తులు కలగాపులగంగా ఉంటే, అది అనూ వంటి పాత పద్ధతి ఫాంటులో కొట్టినది. అక్కడ తెలుగు అక్షరం బొమ్మ ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చుని ఉంటుంది. ఆ ఫాంటు లేనిచోట బొమ్మ పోయి స్థానం మిగులుతుంది. ఫాంటైనా వేయాలి, కన్వర్టరుతో యూనికోడ్‌లోకైనా మార్చాలి. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా ప్రెస్సుల్లో అనూ వాడకం పోలేదు గనుక ఈ రోగం ఇప్పటికీ తగులుతోంది. ఖాళీ డబ్బాలు కనబడితే చాలామట్టుకు తెలుగు ఫాంటు లేకపోవడమే కారణం. అక్షరాలు వచ్చి ఒత్తులు విడిగా నిలబడితే, సాఫ్ట్‌వేరుకు మన గుణింతం కూర్చడం రావట్లేదని అర్థం. ఇండిజైన్‌లో అయితే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. పేజ్‌మేకర్‌కు అసలు యూనికోడే తెలియదు. ఇక వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే, ఎవరో యూనికోడ్ కాని పద్ధతిలో సేవ్ చేశారు. అక్షరాలు పోయాయి, ఏ ఫాంటూ వాటిని తిరిగి తేలేదు. ఆ మాట మెత్తగా, వెంటనే చెప్పి, మొదట టైపు చేసినవారి దగ్గరి ఫైల్ తెప్పించుకోమనాలి.

యోగ్యత: ఫోనులో చూస్తున్నవాణ్ణి కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లమంటే, నిప్పుతో తడపమన్నట్టే.

సన్నిధి: మొదటి మెట్టు పొద్దున, రెండోది సాయంత్రం చెబితే అర్థం పుట్టదు. మధ్యలో వెళ్లాల్సి వస్తే చెప్పి వెళ్లాలి, లేదా మరొకరికి అప్పగించాలి.

మతఖండనం

‘గూగుల్ చేయండి’ అనే వారిది ఒక మతం. ఏమని వెతకాలో తెలిస్తే ఆయన ఇక్కడికి రాడు గనుక అది నిలవదు. ‘నాకు బాగానే వస్తోంది’ అనేవారు స్వానుభవవాదులు. వారి కంప్యూటరులో ఆ ఫాంటు ముందే ఉందని తప్ప ఇందులో తేలేదేమీ లేదు. ‘ఫార్మాట్ కొట్టండి’ అనేది ప్రళయవాదం. పత్రికతో పాటు పెళ్లికూతురి ఫొటోలూ పోతాయి. ‘మీ కంప్యూటరు నాకు కనెక్ట్ చేయండి, నేను చూసుకుంటా’ అనడం కొందరికి ఉదారంగా తోస్తుంది. ముక్కూమొహం తెలియనివాడికి తాళం చెవి ఇవ్వడం అలవాటైతే రేపు మోసగాడికీ ఇస్తారు. కనుక అదీ త్యాజ్యమే.

శంక: ‘అన్నీ ట్రై చేశాను’ అన్నాక మళ్లీ ఏం చేశారని అడగడం అవమానం కాదా?
సమాధానం: ‘నిజంగా చేశారా?’ అంటే అవమానమే. ‘చేసినవి చెబితే వాటిని వదిలేసి మిగతావి చూద్దాం’ అంటే అదే ప్రశ్న మర్యాద అవుతుంది.

తాత్పర్యం

అయ్యా, ఫైల్ తెరిస్తే తెలుగు సరిగా కనబడటం లేదు, నాకు తెలిసింది చేశాను, కంగారుగా ఉంది, ఏం చేయాలో వరసగా చెప్పండి అని భావం. సందేశంలో సగం సమస్య, సగం కంగారు. కంగారుకు ‘చూస్తున్నాం, ఉండండి’ అన్న ఒక్క మాట మందు. సమస్యకు ఫొటో, ఆపైన ఒక్కొక్క మెట్టు. తెలియనివాడికి మౌనం భూషణం.

ఉత్తర సందేశం

“వచ్చింది సార్. థాంక్స్.”

టీక: వచ్చింది = ఫాంటు వేస్తే వచ్చెనో, కన్వర్టరు వలన వచ్చెనో తెలియరాదు. ఇదీ మూలమే గనుక దీనికీ ఆకాంక్ష ఉంది. “దేనివల్ల వచ్చిందో ఒక్క ముక్క రాయండి, రేపు ఇంకొకరు అడుగుతారు” అని అడగక వ్యాఖ్యాత నిద్రకు పోరాదు.